ప్లే నొక్కకముందు: పాత వీడియో క్యాసెట్లు దాచిన సంస్థలకు, వాటిని డిజిటల్ చేసేవారికి బహిరంగ లేఖ

తెనాలి

బీరువాల్లో పాత వీడియో క్యాసెట్లు ఉన్న నాటక సమాజాలు, గ్రంథాలయాలు, కళాశాలలు, సాంస్కృతిక సంస్థల నిర్వాహకులకు. ఆ క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చే పని తీసుకుంటున్న స్టూడియోల వారికి,

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను 1987 నుంచి తెనాలిలో టీవీలు, వీసీఆర్‌లు బాగుచేస్తున్నాను. కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి పందిరి కింద తెల్లవార్లూ మూడు సినిమాలు వేసుకున్న రోజుల్లో నాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు నెలకు రెండు డెక్కులు, అంటే క్యాసెట్ ఆడించే యంత్రాలు, వస్తే గొప్ప. వచ్చేవాళ్లు కూడా సినిమా కోసం రారు. అక్క పెళ్లి, తాతగారి షష్టిపూర్తి, నాన్న వేసిన నాటకం ఇంకొక్కసారి చూడాలని వస్తారు.

ఈ ఉత్తరంలో చెప్పదలచింది ఒకటే. పాత క్యాసెట్ విషయంలో ప్లే నొక్కడం అన్నిటికన్నా చివరి పని. దానికి ముందు చేయాల్సింది చాలా ఉంది. ఆ ముందు పనికి మీరు డబ్బు ఇవ్వడం లేదు, రోజులు ఇవ్వడం లేదు, తెలిసిన మనిషిని పెట్టడం లేదు. అది లేకుండా చేసే డిజిటైజేషన్ వల్ల క్యాసెట్లు బతకకపోగా చచ్చిపోతున్నాయి. ఈ మాటే ఒక సంస్థకు రెండుసార్లు రాశాను. రెండోసారి చేత్తో రాసి స్వయంగా ఇచ్చి వచ్చాను. జవాబు లేదు. ఎవరి పేరూ ఎత్తడం నా ఉద్దేశం కాదు. ఒకచోట జరిగింది చాలాచోట్ల జరుగుతోంది గనక అందరికీ కలిపి రాస్తున్నాను.

జరిగింది చెబుతాను. మా ప్రాంతంలో ఒక నాటక సమాజం బీరువాలో 73 వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, అంటే మన ఇళ్లలో వీసీఆర్‌లో వేసుకున్న రకానివి, బయటపడ్డాయి. 1989 నుంచి 2003 దాకా ఆడిన పద్య నాటకాలు, పరిషత్తు పోటీలు, సన్మాన సభలు. పెద్దలు తలా కొంత చందా వేసుకుని వాటిని డిజిటల్ చేయించాలనుకున్నారు. మంచి ఆలోచన, వాళ్లను తప్పుపట్టను. క్యాసెట్‌కు ఎవరు తక్కువ అడిగితే వారికి పని అప్పగించారు. అక్కడి కుర్రాడు రోజుకు ఆరు క్యాసెట్ల లెక్కన మొదలుపెట్టాడు.

నాలుగో క్యాసెట్‌కు బూజు పట్టి ఉంది. పైనున్న కిటికీలోంచి చూస్తే రీలు అంచున పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. అలా చూడాలని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. బూజు డెక్కులో తిరిగే డ్రమ్ముకు అంటింది, దాని మీద ఉండి టేపులోని బొమ్మను చదివే హెడ్డు మూసుకుపోయింది. ఐదో క్యాసెట్ పెడితే బొమ్మ రాలేదు. ఆరోదీ రాలేదు, ఏడోదీ రాలేదు. పదకొండోది పెట్టేసరికి టేపు దాన్ని ముందుకు లాగే పించ్ రోలరుకు చుట్టుకుంది. లాగితే తెగింది. నాలుగు నుంచి పది దాకా ఏడు క్యాసెట్ల మీద ‘బ్లాంక్’ అని చీటీ అంటించి, తెగినదాన్ని కూడా వాటితో కలిపి తిరిగి ఇచ్చేశారు.

పాత సామాన్లవాడికి వేసెయ్యబోతుంటే, ఆ సమాజంలో ముప్ఫై ఏళ్లు హార్మోనియం వాయించిన పెద్దాయన వాటిని సంచిలో వేసుకుని నా దగ్గరకు తెచ్చారు. ఒక్కటీ బ్లాంక్ కాదు. ఆరనిచ్చి, విప్పి, తుడిచి, నెమ్మదిగా తిప్పి చూస్తే ఐదు నిక్షేపంగా ఆడాయి. రెండింట్లో అక్కడక్కడా తెల్ల గీతలు వచ్చినా మనిషి ముఖం తెలుస్తోంది, మాట వినిపిస్తోంది. పదకొండోదే దక్కలేదు. పూర్తిగా పోలేదు, రాయబారం సీనులో రెండు మీటర్ల టేపు నలిగి ముద్దయింది. వీహెచ్‌ఎస్ టేపు సెకనుకు రెండు సెంటీమీటర్ల చిల్లర నడుస్తుంది. రెండు మీటర్లంటే నిమిషంన్నరకు కాస్త తక్కువ. ఆ నిమిషంన్నరలో ఒక పద్యం ఉంది, పద్యం చివర రాగం ఉంది, జనం ‘వన్స్‌మోర్’ అని వేసిన కేక మొదలైంది. ఆ పద్యం పాడిన మనిషి ఇప్పుడు లేడు.

ఇందులో ఆ కుర్రాడి తప్పు ఎంత? నన్నడిగితే చాలా తక్కువ. అతనికి యంత్రం ఇచ్చారు, రేటు ఇచ్చారు, గడువు ఇచ్చారు. వీడియో టేపు అంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మూడు గంటల క్యాసెట్‌లో సుమారు 250 మీటర్ల టేపు ఉంటుంది. అర అంగుళం వెడల్పు, మన వెంట్రుక కన్నా పల్చన. పాలియెస్టర్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని జిగురులాంటి పదార్థంతో అంటించి తయారుచేస్తారు. బొమ్మ అంతా ఆ పొడిలోనే ఉంది. ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని ఏళ్ల తరబడి మెల్లమెల్లగా మెత్తబడుతుంది. అప్పుడు టేపు జిడ్డుకడుతుంది, యంత్రంలో తిరిగేటప్పుడు కీచుమంటుంది, పొడి రాలుతుంది. రాలిన పొడి అంటే రాలిన బొమ్మే. డెక్కులో వాలుగా నిలబడ్డ డ్రమ్ము మన దేశపు టీవీలు వాడిన పాల్ పద్ధతిలో నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దాని మీది హెడ్డులో ఉండే సందు వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. బూజు ముక్క ఒక్కటి చాలు దాన్ని మూసెయ్యడానికి. అప్పుడు తెర మీద చీమలు తిరుగుతాయి. తర్వాతి కాలపు వీసీఆర్‌లలో చాలావాటికి సిగ్నల్ సరిగా అందకపోతే నీలం తెర వేసి మాట కూడా ఆపేసే అలవాటు ఉంది. అది చూసి బ్లాంక్ అనుకుంటారు. యంత్రం కళ్లు మూసుకుపోతే క్యాసెట్ గుడ్డిదని తీర్పు చెబుతున్నాం. ‘బ్లాంక్’ అని చీటీ అంటించిన క్యాసెట్ మీ బీరువాలో ఉంటే దయచేసి పారెయ్యకండి, ఇంకో శుభ్రమైన డెక్కులో చూపించండి.

ఇక ఆలస్యం సంగతి. జపాన్‌లో 1976లో వీహెచ్‌ఎస్ వచ్చింది. 2016 జూలైలో ఫునాయ్ కంపెనీ వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. దాంతో ప్రపంచంలో చివరి వీసీఆర్ తయారీదారు కూడా తప్పుకున్నట్టయింది. ఇప్పుడున్న డెక్కులే మిగిలినవి. హెడ్డు అరిగితే కొత్తది రాదు, చచ్చిన ఇంకో డెక్కు నుంచి ఊడదీయాలి. ఆస్ట్రేలియా జాతీయ సినిమా, శబ్ద భాండాగారం 2015లోనే హెచ్చరించింది, 2025లోగా డిజిటల్ చేయని టేపులు చాలావరకు దక్కవని. 2019లో యునెస్కో, అంతర్జాతీయ శబ్ద దృశ్య భాండాగారాల సంఘం కలిసి ప్రపంచమంతా ఇదే గంట కొట్టాయి. వాళ్లు చెప్పిన ఏడాది దాటిపోయింది. మన కోస్తాలో వానాకాలం గాలిలో తేమ సంగతి మీకు తెలియనిది కాదు. తేమ అరవై శాతం దాటి అలాగే నిలిస్తే బూజుకు పండగే.

బుర్రకథ షేక్ నాజర్ గారు 1997లో పోయారు. చిందు భాగవత కళాకారిణి చిందుల ఎల్లమ్మ గారు 2005లో, పద్య నాటక నటులు పీసపాటి నరసింహమూర్తి గారు 2007లో పోయారు. వీళ్లంతా వీడియో కెమెరా ఊరూరా తిరిగిన కాలంలో బతికి ఉన్నవాళ్లు. పేరున్నవాళ్ల కోసం ఎప్పటికైనా ఎవరో ఒకరు వెతుకుతారు. వాళ్ల పక్కన నిలబడి ఆడినవాళ్లు, మా జిల్లాలో స్త్రీ పాత్రలు వేసి సంసారాలు నెట్టుకొచ్చిన నటీమణులు, తబలా వాళ్లు, మేకప్ వాళ్లు, వీళ్లకు సాక్ష్యం ఈ క్యాసెట్లే. ఎనభై దాటిన ఒక నటీమణి పోయిన వేసవిలో మా షాపు మెట్లెక్కి వచ్చారు. “గొంతు పోయింది నాయనా. నేను పాడేదాన్నంటే మా మనవరాలు నమ్మడం లేదు. ఒక్క పద్యం చూపించు చాలు” అన్నారు. ఆమె చెప్పిన నాటకం ఆ 73లో ఉందో లేదో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. ఎందుకంటే జాబితా రాయలేదు.

అందుకని మిమ్మల్ని కోరేవి ఇవి.

1. ముందు జాబితా రాయండి. క్యాసెట్లను యంత్రం దగ్గరకు పంపకముందే ప్రతిదానికీ ఒక నంబరు వేసి, డబ్బా, వీపు, లోపలి చీటీ, కరపత్రం ఉంటే అదీ ఫొటో తీయండి. క్యాసెట్ ఏ రకం (వీహెచ్‌ఎస్సా, యూమాటిక్కా, హై8ఆ, మినీడీవీయా), ఎన్ని నిమిషాలది, బూజు ఉందా, డబ్బా పగిలిందా అన్నది రాయండి. చీటీ మీద ‘శ్రీరామనవమి, 2వ రోజు’ అని మాత్రమే ఉంటే ఏ ఊరో, ఏ ఏడో చెప్పగలిగే పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. టేపు కన్నా ముందు ఆ పెద్దవాళ్లు వెళ్లిపోతున్నారు. ఈ పనికి యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు, ఇద్దరు డిగ్రీ పిల్లలు వారంలో చేస్తారు. దీన్ని కూడా ఎందుకు వాయిదా వేస్తున్నారో నాకు అర్థం కాదు.

2. క్యాసెట్‌కు ఇంత అని ఒకే రేటు కట్టడం మానండి. ఇదే నా ముఖ్యమైన కోరిక. నేను చూసిన ఒక టెండరు కాగితంలో క్యాసెట్ల సంఖ్య ఉంది, రేటు ఉంది, గడువు ఉంది. శుభ్రం చేయడం గురించి ఒక్క ముక్క లేదు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టినవాడు విప్పి తుడిచాడంటే తన జేబులోంచి పెట్టుకున్నట్టే. పరిశీలనకు, శుభ్రతకు, ప్లే చేసి ఎక్కించడానికి వేర్వేరుగా డబ్బు కట్టండి. మంచి క్యాసెట్‌కు ముందు పని పావుగంటలో అవుతుంది. బూజు పట్టినదానికి ఒక పూట పడుతుంది, ఒక్కోసారి రెండు. 73 క్యాసెట్లకు డబ్బు చాలకపోతే 30 చేయించండి. ఏవి ముందో జాబితా చూసి తేల్చుకోండి. ఇంకెక్కడా నకలు లేనివి, పాడవడం మొదలైనవి ముందు. సన్మాన సభలు ఆగుతాయి.

3. బూజు క్యాసెట్లను వేరు చేయండి, పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులను కాపాడండి. బూజు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది, మనిషిలోకీ పోతుంది. మా దగ్గర పని నేర్చుకున్న ఒక అబ్బాయికి ఉబ్బసం ఉండేది. సంచి నిండా బూజు క్యాసెట్లు విప్పిన రాత్రి అతణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. తప్పు నాది. ఆరోజు మాస్కు ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు. ఎన్‌-95 మాస్కు, చేతి తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరని పని కాగితంలోనే రాయించండి. ముందు పొడి గదిలో ఉంచి బూజును ఎండనివ్వాలి. ఎండాకే తుడవాలి. నూలు పోగులు రాలని మెత్తటి గుడ్డ మధ్యగా టేపును నెమ్మదిగా తిప్పుతూ పొడిగా తుడవాలి. బూజు క్యాసెట్లకు వాడిన డెక్కును ఆల్కహాలుతో కడగకుండా మంచి క్యాసెట్‌కు వాడకూడదు. వీలైతే దానికి వేరే డెక్కే పెట్టుకోండి.

4. ఎండలో పెట్టకండి. కందిపప్పు, మిరపకాయలు ఎండలో పెడితే పురుగు పట్టదు. అదే చేత్తో క్యాసెట్లనూ డాబా మీద ఆరబోస్తున్నారు. టేపు వేడికి సాగుతుంది, వంకరపోతుంది, ఆపైన బొమ్మను కుదిర్చే ట్రాకింగ్ మీట ఎంత తిప్పినా బొమ్మ నిలవదు. ఇంటర్నెట్‌లో చూసి వంటింటి ఓవెన్లలో పెడుతున్నవాళ్లు కూడా ఉన్నారు. జిడ్డుకట్టే కొన్ని రకాల టేపులను ప్రయోగశాల ఓవెన్‌లో యాభై డిగ్రీల దగ్గర గంటల తరబడి వెచ్చబెట్టే పద్ధతి ఉన్నమాట నిజమే. అది తెలిసినవాళ్లు, ఆ జబ్బేనని తేల్చుకున్నాక చేసేది. దాని ఫలితం కూడా కొన్నాళ్లే నిలుస్తుంది. ఇంట్లో చేసేది కాదు.

తడిసినవాటి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాక కొందరు నా దగ్గరకు క్యాసెట్లు తెచ్చారు. ఎండబెట్టి తెచ్చినవాటిలో బురద రీలు పొరల మధ్య గట్టిపడి సిమెంటు అయింది. తడిగానే కవర్లో పెట్టి మర్నాడే తెచ్చినవాళ్లవి శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడన ఆరబెడితే చాలావరకు దక్కాయి. ఒకరు తమ అమ్మగారి ఒకే ఒక వీడియో అని తెచ్చారు. అది ఎండబెట్టినవాటిలో ఉంది. బురద వరద నీళ్లలో మునిగిన క్యాసెట్‌ను ఆరనివ్వకండి, ఆడించకండి, వెంటనే తెలిసినవాళ్లకు ఇవ్వండి. తుపాను హెచ్చరికలు ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్లు, పాస్‌పుస్తకాలు పైన పెట్టుకోమని చెబుతారు కదా, ఆ వరుసలో ఈ మాట కూడా చేర్చమని స్వచ్ఛంద సంస్థల వారిని కోరుతున్నాను.

5. ఆడించే ముందు వరుస తప్పకండి. ఏసీ గది నుంచో బీరువా నుంచో తెచ్చిన క్యాసెట్‌ను ఒక రోజు పని గదిలోనే ఉంచాలి. వెనక వైపు రికార్డింగ్ ట్యాబ్ విరిచి ఉందో లేదో చూసి, విరవకుండా ఉంటే విరిచెయ్యాలి. పొరపాటున రికార్డు నొక్కితే ఆ నష్టాన్ని ఏ దేవుడూ తీర్చలేడు. డబ్బా పగిలితే ఐదు మరలు విప్పి రీళ్లను మంచి డబ్బాలోకి మార్చాలి. అట్టమీది చీటీ కూడా దానితోనే పోవాలి. తెగిన టేపును సెల్లోటేపుతో అతకకూడదు, దాని జిగురు హెడ్డుకు అంటుకుంటుంది. ఇరవై ఏళ్లు కదలని రీలును ముందు చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, పొరల బిగువు సర్దాకే ప్లే నొక్కాలి. అన్నిటికన్నా ముందు ఎందుకూ పనికిరాని క్యాసెట్ ఒకటి ఆ డెక్కులో వేసి చూడాలి. డెక్కు నమిలితే దాన్నే నమలనివ్వాలి.

6. ఫైలు మంచిది అడగండి. ముందు పని అంతా చేసి, చివర చిన్న ఎంపీ4 చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే పడ్డ కష్టం సగం పోయినట్టే. 2005 ప్రాంతంలో టేపులను డీవీడీల్లోకి ఎక్కించి టేపులు పారేసినవాళ్లు ఈరోజు ఆ డీవీడీలు తెరుచుకోక నా దగ్గరకు వస్తున్నారు. అసలు ప్రతిని నష్టం లేకుండా కుదించే ఎఫ్‌ఎఫ్‌వీ1లాంటి పద్ధతిలో 720 బై 576 కొలతతో, ఉన్నది ఉన్నట్టు దాచండి. గంటకు ముప్ఫై నలభై జీబీ అవుతుంది, హార్డ్‌డిస్కుల ధర చూస్తే అది మోయలేని బరువు కాదు. అంత వీలు కాకపోతే కాస్త ఎక్కువ కుదించే డీవీ రకం ఫైలు, గంటకు 13 జీబీ. చతురస్రంలాంటి పాత బొమ్మను వెడల్పు టీవీకి సాగదీయకండి. బొమ్మ మీద స్టూడియో పేరు ముద్ర వెయ్యకండి. కంప్యూటర్ చేత ముఖాలు నున్నగా చేయించాలని ముచ్చటపడితే వేరే ప్రతిలో చేసుకోండి. ఆ నటీమణి మనవరాలు చూడాల్సింది వాళ్ల నాయనమ్మ ముఖం.

7. డిజిటల్ అయ్యాక క్యాసెట్‌ను పారెయ్యకండి. పుస్తకంలా నిలువుగా, రీలు పూర్తిగా ఒక వైపుకు చుట్టి, పొడి గదిలో దాచండి. రేపు ఇంతకన్నా బాగా తీసే మనిషి రావచ్చు.

8. పనివాళ్లను తయారుచేయండి. నా వయసు మెకానిక్కులు ఊరికి ఒకరిద్దరున్నారు. హెడ్డు చేత్తో తడిమి మంచీచెడూ చెప్పగలిగినవాళ్లు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనూ విజయవాడలోనూ విడిభాగాల కోసం నేను తిరిగిన షాపుల్లో ఇప్పుడు సీసీ కెమెరాలు అమ్ముతున్నారు. ఐటీఐల్లో, కళాశాలల్లో నెల రోజుల శిక్షణ పెడితే మేం వచ్చి నేర్పుతాం. ఇళ్లలో మూలపడ్డ వీసీఆర్‌లను తూకానికి వెయ్యకుండా సంస్థలే సేకరించి ఉంచుకోవాలి. పాడైనవి అయినా సరే, వాటిలోని గేర్లు, రోలర్లు ఇంకో డెక్కును బతికిస్తాయి.

స్టూడియోల వారికి ప్రత్యేకంగా ఒక మాట. తక్కువ రేటుకు ఒప్పుకున్నాక నష్టపోతామనే భయంతో తొందరపడుతున్నారని నాకు తెలుసు. నేనూ షాపు అద్దె కట్టినవాణ్నే. అయినా బూజు క్యాసెట్ కనబడితే అక్కడే ఆపి, ‘దీనికి ఇంకా పని ఉంది, ఇంత అవుతుంది’ అని చెప్పండి. యజమాని ఒప్పుకోకపోతే ముట్టుకోకుండా తిరిగి ఇచ్చేయండి. ముట్టుకోని క్యాసెట్‌కు రేపు అవకాశం ఉంటుంది.

ఆ సమాజం బీరువాలో ఇంకా 62 క్యాసెట్లు అలాగే ఉన్నాయి. మళ్లీ అదే రేటుకు వేరేచోట ఇవ్వబోతున్నారని విన్నాను. నిర్వాహకులకు నా విన్నపం: ఈ వానలు మొదలుకాకముందే వాటిని నేలకు ఎత్తులో, పొడిగా పెట్టి, నంబర్లు వేయించండి. జాబితా రాయడానికి నేను వస్తాను, హార్మోనిస్టు గారు వస్తామన్నారు, ఆ నటీమణి కూడా కుర్చీ వేస్తే వచ్చి కూర్చుని ఏ చీటీ ఏ నాటకమో చెబుతానన్నారు. డబ్బు అక్కర్లేదు. బీరువా తాళం ఇప్పించండి.

ఇతర ఊళ్ల వాళ్లకు కూడా అదే మాట. ఆదివారాలు మధ్యాహ్నం నా బల్ల దగ్గర చోటు ఉంటుంది. క్యాసెట్ ఎలా విప్పాలో, ఎలా తుడవాలో చూపిస్తాను. స్క్రూడ్రైవరు, మాస్కు తెచ్చుకోండి.

ఇట్లు,
తెనాలి వీసీఆర్ మెకానిక్ ఒకరు